రిజర్వ్ ఎంతో తెలీకుండా బిడ్ వెయ్యడం ఎలా?

ప్రశ్న: నేను పాత నాణేలు సేకరిస్తానండీ. మొన్న ఆన్‌లైన్ ఆక్షన్లో ఒక నాణేనికి చివరిదాకా నాదే హైయెస్ట్ బిడ్, కానీ టైమ్ అయిపోయాక 'రిజర్వ్ నాట్ మెట్' అని వచ్చింది, నాణెం నాకు రాలేదు. ఆ రిజర్వ్ ఎంతో ఎక్కడా చెప్పరు. ఇది మోసం కాదా? మళ్ళీ లిస్ట్ చేస్తే ఏం చెయ్యాలి?

జవాబు: చివరిదాకా ముందుండి వస్తువు చేతికి రాకపోతే ఉసూరుమనిపిస్తుంది, నిజమే. కానీ రిజర్వ్ ఉందని పేజీలో చూపించినంతవరకు అది మోసం కాదండీ, ఇంతకి తక్కువైతే అమ్మనని అమ్మేవాళ్ళు లోపల పెట్టుకున్న రేటు అది, అంతే. అమ్మే మనిషే దొంగ అకౌంట్‌తోనో తెలిసినవాళ్ళతోనో బిడ్లు వేయించి రేటు పెంచితే అది మోసం, షిల్ బిడ్డింగ్ అంటారు, ఈబే లాంటి చోట నిషేధం కూడా.

ఇది పనిచేసే తీరు తెలిస్తే మీకే ఉపయోగం. రిజర్వ్ 5,000 అనుకోండి, పైకి రేటు 2,200 కనిపిస్తోంది, మీరు మాక్సిమమ్ (అంటే మీ తరఫున సైట్ ఎంతవరకు బిడ్ పెంచుకుంటూ పోవచ్చో ఆ పై హద్దు) 6,000 కొట్టారు. ఈబేలో అయితే రేటు ఒక్కసారిగా 5,000కి ఎగురుతుంది, ఎందుకంటే మీ మాక్సిమమ్ రిజర్వ్‌ని దాటేసింది. ఇంకెవరూ పైకి రాకపోతే 5,000కే మీది, 6,000 కట్టక్కర్లేదు. అదే మీరు 4,500 దగ్గర ఆగిపోతే మీ తర్వాత ఎవరూ రాకపోయినా అది అమ్ముడవ్వదు.

అందుకే రిజర్వ్ ఎక్కడుందో చూద్దామని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవద్దు. అది తగిలిన క్షణంలో మీరు కొంటానని మాటిచ్చినట్టే, ఆ ఊపులో అనుకున్నదానికన్నా ఎక్కువకి వెళ్ళిపోతారు. ఆ నాణెం కండిషన్ చూసి, అలాంటివి ఇదివరకు ఎంతకి పోయాయో చూసి, మీకు సమ్మతమైన పై రేటు ఒక్కసారే పెట్టేసి వదిలెయ్యండి. రిజర్వ్ ఎంతని అమ్మేవాళ్ళకి మెసేజ్ పెట్టి అడగొచ్చు, తప్పేం లేదు, కొంతమంది చెప్పేస్తారు కూడా. క్రిస్టీస్, సోథెబీస్ లాంటి పెద్ద ఆక్షన్ హౌసుల్లో అయితే వాళ్ళు ముందే ప్రకటించే అంచనా రేట్లలో తక్కువ అంకెని (ఇంగ్లీషులో low estimate) రిజర్వ్ దాటకూడదు కాబట్టి అక్కడ మీకో ఆధారం దొరుకుతుంది.

నా మట్టుకు నాకు ఈ దాచిపెట్టడం నచ్చదు, అమ్మేవాళ్ళకీ దీనివల్ల పెద్ద లాభం లేదు. రామా కట్కర్, డేవిడ్ రైలీ అనే ఇద్దరు ఈబేలో 50 జతల పోకెమాన్ కార్డులు అమ్మి చూశారు, ప్రతి జతలో ఒకదానికి మొదటి రేటు బయటికే పెట్టి, రెండోదానికి అంతే రేటు రహస్య రిజర్వ్‌గా పెట్టారు. 2006లో అచ్చయిన ఆ ఫలితాల్లో రహస్యంగా పెట్టినవే తక్కువ అమ్ముడయ్యాయి, బిడ్డర్లూ తగ్గారు.

ఇక మీ నాణెం సంగతి. ఈబేలో రిజర్వ్ అందకపోయినా అమ్మేవాళ్ళు 'సెకండ్ ఛాన్స్ ఆఫర్' పంపొచ్చు, అంటే మీరు వేసిన బిడ్ రేటుకే కొనుక్కోమని అడగొచ్చు, వేరే సైట్లలో ఆ పద్ధతి ఉందో లేదో అక్కడి రూల్స్‌లో చూడండి. సైట్‌లోంచే ఆఫర్ వస్తే తీసుకోండి, బయట డబ్బు పంపమంటే మాత్రం వద్దనండి, గొడవైతే సైట్ మీకు అండగా రాదు.