సమాధానం: పాల్ఘర్ జిల్లా పల్లె జనాభా ఎందుకు దొరకట్లేదంటే
మహారాష్ట్రలో వాడా తాలూకాలోని మీ పల్లె పాల్ఘర్ జిల్లా కింద కనబడట్లేదని, వేరేచోట చూస్తే రెండు రకాల జనాభా వస్తోందని అడిగారు. పాల్ఘర్ జిల్లా పుట్టిందే 2014 ఆగస్టు 1న. మీరు తీస్తున్నది 2011 జనగణన, అప్పటికి వాడా ఠాణే జిల్లాలోనే ఉండేది. ఠాణే జిల్లా పట్టికలో వాడా తాలూకా తెరవండి.

రెండు అంకెల చిక్కు ఎక్కువగా పేరుతోనే వస్తుంది. మరాఠీ ఊళ్లలో బుద్రుక్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది (తెలంగాణలో కలాన్, ఖుర్ద్ ఉన్నట్టే). పట్టికల్లో 'బు.', 'ఖు.' అని పొట్టిగా వేస్తారు, కళ్లు దాటిపోతాయి. అందుకే పేరు వదిలేసి ఆరంకెల గ్రామ కోడ్ పట్టుకోండి. కోడ్ ఒకటే అయినా తేడా ఉంటే, ఒకటి రెవెన్యూ గ్రామానిది, రెండోది గ్రామపంచాయతీది కావచ్చు. కొన్ని పంచాయతీల్లో రెండు మూడు ఊళ్లుంటాయి. పాడాలకు (ఊరికి చేరిన చిన్న గూడేలకు) విడి లెక్క రాదు, రెవెన్యూ గ్రామంలోనే కలిసిపోతాయి.

విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది. 650 హెక్టార్లంటే 6.5 చదరపు కిలోమీటర్లు. 1,950 మంది ఉంటే జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 300. అక్షరాస్యత లెక్కకు మాత్రం 0-6 ఏళ్ల పిల్లల్ని మొత్తం జనాభాలోంచి తీసేసి, మిగిలినదాంతో అక్షరాస్యుల సంఖ్యను భాగించండి, లేకపోతే శాతం తక్కువ చూపిస్తుంది.