జూలై 1న రాష్ట్ర ప్రభుత్వం మూతపడితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాల షట్‌డౌన్ గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపు బడ్జెట్ కుదరక, అత్యవసరం కాని ప్రభుత్వ ఆఫీసులు మూసేయడమే షట్‌డౌన్. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. బడ్జెట్ కుదరకపోతే జూలైలో అక్కడ ప్రభుత్వం మూతపడుతుందట. ఆస్పత్రులు, కరెంటు, బస్సులు ఆగిపోతాయా? మేం అప్పుడే బయల్దేరుతున్నాం. (విజయవాడ)

టికెట్లు మార్చుకోనక్కర్లేదు. పాస్‌పోర్టు తనిఖీ, ఇమిగ్రేషన్, తపాలా ఫెడరల్ ప్రభుత్వానివి. చెత్త బండి, మంచినీళ్లు, లైబ్రరీ చాలాచోట్ల ఊరి పరిధిలోవి. కరెంటు చాలావరకు ప్రైవేటు కంపెనీలది. పోలీసులు, జైళ్లు, ఆస్పత్రులు షట్‌డౌన్‌లోనూ నడుస్తాయి. 2017 జూలైలో న్యూజెర్సీ ప్రభుత్వం మూడు రోజులు మూతపడినప్పుడు రైళ్లు, బస్సులు తిరిగాయి.

ఆగేవి వేరే. రాష్ట్ర పార్కులు, బీచ్‌లు, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులు ఆ మూడు రోజులూ మూసేశారు. అది కూడా జూలై 4 పండగ ముందు! మూసిన బీచ్‌లోనే నాటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ కుటుంబంతో కుర్చీలేసుక్కూర్చున్న ఫొటో పేపర్లకెక్కి దేశమంతా నవ్వుకుంది. మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి న్యూజెర్సీ వైపు పడవ ఎక్కేది లిబర్టీ స్టేట్ పార్కులో. ఆ పార్కు మూస్తే అక్కడ పడవ ఉండదు. మన్‌హాటన్‌లోని బ్యాటరీ రేవు నుంచి వెళ్లేలా టికెట్టు తీసుకోండి.

ప్రశ్న: హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు ప్రోగ్రామర్‌ని. ఆ శాఖకూ మా కంపెనీకీ మధ్య ఇద్దరు వెండర్లు (మధ్యవర్తి కంపెనీలు) ఉన్నారు. షట్‌డౌన్ రోజులకు జీతం రాదు, ముందే సెలవు కాగితం రాసివ్వమని మా ఎంప్లాయర్ అడుగుతున్నారు. ఇవ్వాలా? (ట్రెంటన్)

ఇవ్వొద్దు. ఈసారి ఉత్తరాల్లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మీ పేరున హెచ్-1బీ పిటిషన్ వేసిన కంపెనీయే మీ ఎంప్లాయర్. మధ్యలో ఎందరు వెండర్లున్నా, పైన ప్రభుత్వం బిల్లు చెల్లించకపోయినా, లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో (ఎంప్లాయర్ కార్మిక శాఖకు ఇచ్చే హామీ పత్రం) ఒప్పుకున్న జీతం ఆ కంపెనీ ఇచ్చి తీరాలి. పని లేక ఖాళీగా కూర్చోబెడితే ఆ కాలానికీ జీతం కట్టాలని ఫెడరల్ కార్మిక శాఖ నిబంధన. మనవాళ్లు బెంచ్ అనేది దీన్నే. క్లయింటు ఆఫీసుకు తాళం పడటం ఎంప్లాయర్ వైపు కారణమే తప్ప మీ కారణం కాదు.

మినహాయింపు మీ వైపు కారణాలకే. మీ సొంత పని మీద, మీ ఇష్టంతో మీరే సెలవు అడిగితే ఆ రోజులకు ఇవ్వనక్కర్లేదు. సెలవు కాగితం అడుగుతున్నది ఇందుకే: దాంతో కంపెనీ ఇవ్వాల్సిన జీతం మీరు అడిగి తీసుకున్న సెలవుగా మారిపోతుంది. మీరు నిజంగానే ఇండియా వెళ్లొద్దామనుకుంటే సంగతి వేరు.

పని ఆపమని వచ్చిన మెయిల్ మీ సొంత కంప్యూటర్‌లో దాచుకోండి. క్లయింటు ఇచ్చిన అకౌంటు మూతపడితే ఆ మెయిల్ మళ్లీ దొరకదు. అదే రోజు ఎంప్లాయర్‌కు రెండు ముక్కలు రాయండి: ‘పనికి సిద్ధంగా ఉన్నాను, క్లయింటు ఆఫీసు మూసి ఉంది.’ టైమ్‌షీట్‌లో సున్నా గంటలు వేసి కారణం రాయండి, ‘సెలవు’ గడి మాత్రం నొక్కొద్దు. అయినా జీతం ఆపితే డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు. గడువు 12 నెలలు. పే స్లిప్పుల్లో ఖాళీ వస్తే తర్వాత కంపెనీ మారేటప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అందుకని ఊరుకోవద్దు.

ఉద్యోగం నుంచే తీసేస్తే లెక్క మారుతుంది. 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు, ఏది ముందైతే అదే కొత్త ఎంప్లాయర్‌ను చూసుకోవడానికో, దేశం వదలడానికో మీకున్న సమయం. ఇక నిరుద్యోగ భృతి. 2011లో మినెసోటా షట్‌డౌన్‌లో ఇంటికి పంపిన రాష్ట్ర ఉద్యోగులు దానికి దరఖాస్తు చేసుకున్నారు. హెచ్-1బీ వాళ్లు దాన్ని నమ్ముకోవడానికి లేదు.

ప్రశ్న: మన రాష్ట్రాల్లోనూ బడ్జెట్ ఆలస్యమవుతుంది కదా, ఇక్కడ ఆఫీసులు మూయరెందుకు? (నల్గొండ)

ఇక్కడ సభలో ఖర్చు పద్దులు ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. అక్కడ గవర్నరూ, సభ్యులూ అందరూ ప్రజలు విడివిడిగా, నిర్ణీత కాలానికి ఎన్నుకున్నవాళ్లు. ఎంత మొండికేసినా ఎవరి కుర్చీ కదలదు. పైగా మనకు రాజ్యాంగం 206వ అధికరణం కింద ఓట్ ఆన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే అనుమతి) ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో నాలుగు నెలలకు అలాగే తీసుకున్నారు. ఎన్నికలయ్యాక ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆర్డినెన్స్‌తో నెట్టుకొచ్చి, పూర్తి బడ్జెట్ నవంబరు 11న పెట్టారు.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను, నా డ్రైవింగ్ లైసెన్సు గడువు జూలై 5. షట్‌డౌన్ వస్తే కొన్నాళ్లు పాతదాంతో నడపొచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)

నడపొద్దు. లైసెన్సు ఆఫీసు మూసినా రోడ్డు మీద పోలీసు ఉంటాడు. గడువు పొడిగిస్తున్నట్టు రాష్ట్రం రాతపూర్వకంగా ప్రకటిస్తే తప్ప మీ కార్డు చెల్లదు.

వీసా మీదున్నవాళ్ల లైసెన్సు ఇమిగ్రేషన్ కాగితం గడువుతోనే ముగుస్తుంది. అందుకే కొత్త ఐ-797 (పొడిగింపు మంజూరైనట్టు వచ్చే కాగితం) రాకుండా ముందే రెన్యూ చేసుకోవడం కష్టం. మీ హెచ్-1బీ పొడిగింపుకు గడువుకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఇంకా వేయకపోతే ప్రీమియంలో (అదనపు రుసుముతో త్వరగా తేల్చే పద్ధతి) వేయమని మీ ఎంప్లాయర్‌కు చెప్పండి, 15 పనిదినాల్లో తేలుతుంది. అమెరికాలో 46 రాష్ట్రాలకు ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి జూన్ మూడో వారంలోపు ఎంవీసీ (న్యూజెర్సీ లైసెన్సు ఆఫీసు) అపాయింట్‌మెంటు దొరికేలా చూసుకోండి. న్యూజెర్సీలో ఒక్కో గుర్తింపు పత్రానికి కొన్ని పాయింట్లుంటాయి, అన్నీ కలిపి ఆరు పాయింట్లకు సరిపోవాలి. ఒక్క కాగితం తగ్గి వెనక్కి వస్తే ఆఖరి వారంలో రెండో అపాయింట్‌మెంటు దొరకడం కష్టం.

ప్రశ్న: మినెసోటాలో మాకు బార్ ఉంది. 2011లో లైసెన్సున్న బార్లకు కూడా సరుకు రాలేదంటారు. ఏం జరిగింది? (మినియాపొలిస్)

ఆ ఏడాది జూలై 1 నుంచి 20 వరకు మూత. దాదాపు 22 వేల మంది ఉద్యోగుల్ని ఇంటికి పంపారు. ఏది అత్యవసరమో, ఏది కాదో రామ్సే కౌంటీ జడ్జి కాథ్లీన్ గియరిన్ తేల్చాల్సి వచ్చింది. పార్కులు, లాటరీ, హైవే విశ్రాంతి కేంద్రాలు మూశారు. చేపల లైసెన్సు కూడా అమ్మలేదు, అదీ వేసవి నడిమధ్యలో.

బార్ల సంగతికొస్తే, హోల్‌సేలర్ దగ్గర మద్యం కొనాలంటే లైసెన్సుతోపాటు రాష్ట్రం ఇచ్చే కొనుగోలు కార్డు కావాలి. రుసుము 20 డాలర్లే. కార్డు గడువు తీరిన సుమారు 300 దుకాణాలు, బార్లు రెన్యూ చేయించుకోలేక ఉన్న సరుకే అమ్ముకున్నాయి. పెద్ద కంపెనీకీ అదే గతి. బీరు కంపెనీ మిల్లర్‌కూర్స్ 39 బ్రాండ్ల రిజిస్ట్రేషన్‌కు డబ్బు పంపింది. మొత్తం ఎక్కువగా ఉందని చెక్కు తిరిగొచ్చింది. సరిచేసి పంపింది జూన్ ఆఖరుకు చేరినా, దాన్ని నమోదు చేసే మనిషి జూలై 1 నుంచి సీట్లో లేడు. ఆ బీర్లు దుకాణాల నుంచి తీసేయాలని అధికారులు చెప్పారు కూడా.

కాబట్టి మీ కార్డు, ఆహార లైసెన్సు, లాటరీ ఒప్పందం, అన్నిటి గడువులూ ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. మే నుంచి ఆగస్టు మధ్య ముగిసేవన్నీ ఏప్రిల్‌లోనే కట్టేయండి. రుసుము సెంటు అటూ ఇటూ కాకుండా పంపండి. బ్యాంకులో చెక్కు చెల్లితే పని అయినట్టు కాదు, కొత్త తేదీ వేసిన కార్డు మీ చేతికి రావాలి. జూన్ 20 నాటికి రాకపోతే ఫోన్ మీద ఆధారపడకుండా ఆఫీసుకే వెళ్లండి.