నా అభిమాన చిత్రకారుడు చందమామ చిత్ర

చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా వదలకుండా అభిమానించే బొమ్మల కథల చిత్రకారుడు ఎవరని కదా మీ ప్రశ్న. చందమామ పిల్లల పత్రిక అనగానే అందరూ శంకర్ పేరే చెప్తారు, తప్పేం లేదు, భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే, 2021లో పద్మశ్రీ కూడా ఇచ్చారు (మనిషి పోయాక ఇచ్చారనుకోండి). ముఖచిత్రాలంటే వపా (వడ్డాది పాపయ్య). నా ఓటు మాత్రం చిత్రకే.

అసలు పేరు టి.వి. రాఘవన్. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, యక్షపర్వతం, మాయాసరోవరం అంటూ దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి రాసిన జానపద సీరియల్స్‌కి బొమ్మలు ఈయనవే. కథ రాసినాయన పేరు వేసేవారు కాదు, బొమ్మ మూలన చిత్ర సంతకం మాత్రం ఉండేది, దాంతో మా ఊళ్లో పిల్లలకి అది చిత్ర సీరియలే.

మా చిన్నతాత దగ్గర పాత చందమామల బైండ్లు ఉండేవి, వేసవి సెలవులు మొత్తం వాటితోనే. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి, బొమ్మ మీద పరిచి పెన్సిల్‌తో దించేవాణ్ణి. ఆ నూనె కింద పేజీకి అంటుకుని తిట్లు పడేవి, అది వేరే సంగతి. కానీ అలా దించుతుంటేనే ఆయన పనితనం తెలిసింది. చిత్ర మనుషులు ఊరికే నిలబడరు. ఈటె విసిరేవాడుంటే చేతిలోంచి అది ఇంకా వదలదు, కానీ వెనక్కి వాలిన నడుము, నేలకి అదిమిన మడమ, ఎగిరే పంచె అంచు చూస్తే మరుక్షణం ఏం జరుగుతుందో మనకి తెలిసిపోతుంది, పేజీ తిప్పకుండా ఉండలేం. శంకర్ గారు మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకున్నారు కాబట్టి ఆయన గీతలో నగలూ, స్తంభాలూ, కొలతలూ అన్నీ తీరుగా ఉంటాయి, పురాణాలకి అది సరిగ్గా నప్పుతుంది. చిత్ర గీత అంత నునుపు కాదు. అడవికీ, గుహలకీ, నోరు తెరిచిన రాక్షసుడికీ ఆ గరుకుతనమే కావాలి అంటాను నేను.

ఇంకోటి, ఆయన రాక్షసులకి బరువుంటుంది. సినిమా గ్రాఫిక్స్‌లో ఎంత పెద్ద మృగాన్ని చూపించినా నాకు గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది, ఈయన సిరా గీతల్లో మాత్రం కాలు పెట్టిన చోట రాయి కదిలినట్టు అనిపిస్తుంది. ఇది చిన్నప్పటి మోజు కాదు, మొన్న మళ్లీ తిరగేసినా అదే అనిపించింది.

1978లో భల్లూక మాంత్రికుడుతో ఆ వరస ఆగింది, చిత్ర గారు పోయింది కూడా ఆ ఏడాదే. తర్వాత కూడా చందమామ కొన్నానుగానీ ముందు సీరియల్ పేజీ వెతుక్కునే అలవాటు పోయింది.

మీరు కొత్తగా చూడాలనుకుంటే మాయాసరోవరంతో మొదలుపెట్టండి, జయశీలుడు, సిద్ధసాధకుడు ఇద్దరూ భలే ఉంటారు. మొదటి చూపులో అక్షరాల జోలికి పోకండి, వరసగా బొమ్మలే చూసుకుంటూ పోండి, కథ సగం అర్థమైపోతుంది.