అత్తగారు పాత సామాను వదలడం లేదు.. డాక్టర్‌కు చూపించాలా?

ప్రశ్న: నా వయసు 41. మా అత్తగారికి 70. ఏడాదిన్నర క్రితం మామగారు పోయారు. త్వరలో చిన్న ఇంటికి మారుతున్నాం. ఈ వంకతోనైనా సామాను సగానికి తగ్గించి, కొత్త ఇల్లు మినిమలిస్ట్ పద్ధతిలో, అంటే అవసరమైన కొద్ది వస్తువులతోనే పెట్టుకోవాలని నా కోరిక. ఆవిడేమో ఖాళీ డబ్బాలు, పాత పత్రికలు, మామగారి బట్టలు.. ఏదీ ముట్టుకోనివ్వరు. ఆవిడ ఊళ్లో లేనప్పుడు రెండు సంచులు పారేశాను. తెలిశాక చాలా రోజులు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. నాకు ఆస్తమా ఉంది. దుమ్ము దులిపితే ఆయాసం వస్తోంది. ఆవిడది మానసిక జబ్బా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక్కటి చూడండి. ఆవిడ తన మంచం మీద హాయిగా పడుకోగలుగుతున్నారా? వంటగది, బాత్‌రూమ్ ఇబ్బంది లేకుండా వాడుకోగలుగుతున్నారా? అవుననేటట్టయితే జబ్బు అయ్యే అవకాశం తక్కువ. సామాను ఎక్కువగా ఉండటం వేరు, గదులు వాడుకోవడానికి వీల్లేనంతగా నిండిపోవడం వేరు. రెండోదానికి తోడు, విలువలేని వస్తువును వదలాలన్నా భరించలేనంత బాధ కలుగుతుంటే దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటాం. ఒకప్పుడు ఓసీడీలో (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే జబ్బు) భాగంగా చూసేవాళ్లం. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం) దీన్ని విడి జబ్బుగా గుర్తించింది.

ఈ అలవాటు ఎప్పటినుంచి ఉందో మీ వారిని అడగండి. హోర్డింగ్ లక్షణాలు చాలామందిలో చిన్న వయసులోనే మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతాయి. అలా కాకుండా ఈ వయసులో కొత్తగా మొదలై, దానితోపాటు మతిమరుపు, మాటతీరులో మార్పు, శుభ్రత పట్టించుకోకపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. కొన్ని రకాల డిమెన్షియాలో (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) కూడా వస్తువులు పోగేయడం కనిపిస్తుంది.

మామగారి బట్టల్ని ఈ లెక్కలోకి తేకండి. అది దుఃఖం. వాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, ఒక పెట్టెలో పెట్టి కొత్త ఇంటికి తీసుకెళ్లండి. అయితే ఏడాది దాటినా రోజూ అదే బెంగతో ఉండి, ఏ పనీ చేసుకోలేకపోతున్నా, రెండు వారాలకు మించి ఆకలి, నిద్ర లేకపోయినా సైకియాట్రిస్టును కలవాలి. తగ్గని దుఃఖానికీ, డిప్రెషన్‌కూ మంచి చికిత్సలున్నాయి.

ఆవిడకు తెలియకుండా పారేయడం ఇకపై వద్దు. మీ మీద కోపంతో ఆగేది కాదు, నమ్మకం పోతే ఉన్నవాటిని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. బలవంతంగా ఖాళీ చేసిన ఇళ్లు మళ్లీ నిండటం మేం చూస్తూనే ఉంటాం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆవిడే చెప్పాలి. గడువు దాటిన మందులు, ఒకే రకానివి నాలుగైదు ఉన్న గిన్నెలు.. ఇలా మమకారం లేనివాటితో మొదలుపెట్టండి. ఒక్కసారికి అలమరలో ఒక్క అర చాలు. అలసట కనిపిస్తే ఆపేయండి. హోర్డింగ్ అని తేలినా దానికంటూ ప్రత్యేకించి మందు లేదు. ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో చెప్పేది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే థెరపిస్టు పక్కనుండి చేయిస్తారు.

ఇక మీ సంగతి. ఇల్లు చూస్తేనే తల బద్దలవుతోందంటే అది వట్టి చిరాకని కొట్టిపారేయను. 2010లో వచ్చిన ఓ అధ్యయనంలో 60 మంది భార్యాభర్తలను పరిశీలించారు. తమ ఇల్లు చిందరవందరగా ఉందనీ, పనులు మిగిలిపోయాయనీ చెప్పిన భార్యల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ రోజంతా తగ్గాల్సినంతగా తగ్గలేదు. ఇల్లు ఖాళీ చేస్తే ఒత్తిడి పోతుందని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు. సోషల్ మీడియా ఫొటోల్లోని తెల్లగోడల ఇళ్లను చూసి ఆ ఆశ పెట్టుకోకండి.

దులిపే పని మీరు చేయొద్దు, ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి. తప్పనిసరైతే ఎన్95 మాస్క్ పెట్టుకుని, తడిబట్టతో తుడవండి. ఇంకో మాట, ఆస్తమాను రేపే డస్ట్ మైట్లు (దుమ్ములో ఉండే, కంటికి కనిపించని పురుగులు) ఎక్కువగా ఉండేది పరుపు, దిండ్లలో. పత్రికలన్నీ పారేసి పరుపును వదిలేస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికించండి. ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమవుతుంటే ఆస్తమా అదుపులో లేనట్టే, మీ డాక్టర్‌ను కలవండి.

కొత్త ఇంటి విషయంలో నాకున్న అసలు భయం వేరు. మినిమలిస్ట్ ఫర్నిచర్‌లో చాలావరకు నేలకు దగ్గరగా ఉంటుంది. 70 ఏళ్ల మోకాళ్లతో అందులోంచి లేవడం కష్టం. ఆవిడకు చేతులున్న కుర్చీ ఉండాలి, కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. పాత ఇంట్లో ఏ బల్లనో, అలమరనో పట్టుకుని నడిచే అలవాటుందేమో గమనించండి. అవి లేని ఖాళీ గదిలో పెద్దవాళ్లు తూలిపడతారు. మంచం నుంచి బాత్‌రూమ్ వరకు దారి ఖాళీగా, రాత్రి చిన్న లైటుతో ఉండాలి. జారే చాపలు, పట్టాలు తీసేయండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి, గోడ అందం తగ్గినా సరే.

ఇల్లు మారకముందే ఒకసారి ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లి థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. గదుల ఫొటోలు నాలుగైదు ఫోన్‌లో తీసుకెళ్తే సామాను తీవ్రత డాక్టర్‌కు త్వరగా అర్థమవుతుంది. ఆ ఫొటోలు కూడా ఆవిడకు చెప్పే తీయండి.