పోపు మాత్రం తినే రోజునే వెయ్యి

చిన్నా,

కొండాపూర్ రూముకి మారాక రోజూ రాత్రి ఆర్డర్ పెట్టుకునే తింటున్నావని మీ అమ్మ చెప్పింది. తిట్టడానికి రాయడం లేదురా. మీ పిన్ని పోయాక ఏడాది పాటు నేనూ కర్రీ పాయింట్ల మీదే బతికాను. ఒక్క మనిషికి వండటం పెద్ద పని కాదు, కొంచెమే వండటం పెద్ద పని. గుప్పెడు పప్పు వండినా కుక్కర్ తోమాలి, పావుకిలో వండినా అదే కుక్కర్ తోమాలి. అందుకే ఆదివారం పావుకిలో కందిపప్పు ఒకేసారి ఉడికించేస్తాను. డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నాకది ఆరు పూటలకి వస్తుంది.

ముందు నీ ఫ్రిజ్ ఎలాంటిదో చూసుకో. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో లోపలుండే చిన్న ఐస్ అర మామూలుగా మైనస్ 18 డిగ్రీలకి దిగదు. దాన్ని వారానికి మించి నమ్మకు. విడిగా ఫ్రీజర్ తలుపు ఉన్నదైతే పప్పు, రాజ్మా, కోడికూర రెండు నెలలున్నా రుచి చెడదు.

మొదట్లో నేను చేసిన తెలివితక్కువ పని విను. ఐదు రోజుల సాంబారు ఒకే పెద్ద డబ్బాలో పోసి గడ్డ కట్టించాను. ఒక్క పూటకి కావాలంటే పప్పుగుత్తితో కొట్టాల్సొచ్చింది. చివరికి మొత్తం కరిగించి, కొంత తిని, మిగతాది మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టాను. మర్నాడు రోజంతా కడుపు పట్టుకుని పడుకున్నాను. చలికి సూక్ష్మజీవులు పెరగడం ఆగుతుంది తప్ప అవి చావవు. కరిగినప్పుడల్లా మళ్ళీ మొదలెడతాయి. కాబట్టి డబ్బాకి ఒక్క పూటే. ఒకసారి కరిగించింది తిరిగి లోపలికి పోకూడదు. గడ్డకట్టేటప్పుడు పులుసు ఉబ్బుతుంది, డబ్బా అంచుదాకా నింపకు.

ఇక అసలు సంగతి. పోపు వేసిన పప్పుని ఫ్రీజ్ చేస్తే కరివేపాకు నల్లబడి, ఇంగువ వాసన చచ్చిపోయి, నిన్నటి కూర తిన్నట్టే ఉంటుంది. ఉప్పు, పసుపు వేసి ఉడికిన పప్పుని అలాగే దాచు. తినే రోజున చెంచాడు నెయ్యిలో ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి చిటపటలాడించు. రెండు నిమిషాల పని, కానీ తేడా చూడు! ఒక రోజు టమాటా మగ్గించి కలుపు, ఒక రోజు పాలకూర వెయ్యి. ఉల్లి, టమాటా మసాలా కూడా వేయించి ఇలాగే పెట్టుకో. అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు అయితే ఐస్ ట్రేలో.

బంగాళదుంప పెట్టకు, స్పాంజిలా అవుతుంది. మజ్జిగ పులుసు విరుగుతుంది. మునక్కాడ, బెండకాయ ఊసే వద్దు. ఇడ్లీలు మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి, ఆవిరి మీద పెడితే మళ్ళీ మెత్తబడతాయి. అన్నం ఏ పూటకి ఆ పూట వండుకో. గ్లాసు బియ్యానికి ఫ్రీజర్ ఎందుకు? మిగిలిన అన్నాన్ని రాత్రంతా పొయ్యి మీద వదిలేసే అలవాటు మానుకో. అందులో తయారయ్యే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

మే నెలలో మన వంటగదిలో గిన్నె దానంతటది చల్లారదు. వెడల్పాటి పళ్ళెంలో పోసి, దాన్ని చన్నీళ్ళ బేసిన్‌లో పెట్టు. పొయ్యి మీంచి దించిన రెండు గంటల్లోపు ఫ్రీజర్‌లో ఉండాలి. తినే రోజు పొద్దున డబ్బాని ఫ్రిజ్ కింది అరలోకి దించి ఆఫీసుకి పో. రాత్రికి కరిగి ఉంటుంది. గోరువెచ్చగా కాదు, తుకతుక ఉడికేదాకా వేడి చెయ్యి. కరెంటు పోతే తలుపు తియ్యకు. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా కాస్తుంది, సగం ఖాళీ అయితే ఒక రోజే.

డబ్బా మీద టేపు అంటించి పేరు, తేదీ రాయి. నవ్వకు, ఒకసారి చింతపండు గుజ్జుని చికెన్ గ్రేవీ అనుకుని చపాతీలు చేసుకుని కూర్చున్నాను.

నిన్న ఎర్రగడ్డ రైతుబజార్‌లో గోంగూర లేతగా దొరికింది. గోంగూర పప్పు రెండు పూటలకి నీ పేరు రాసి పెట్టాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. పోయినసారి తీసుకెళ్ళిన నా స్టీలు డబ్బాలు తీసుకురా, మూతలతో సహా.

మీ బాబాయి