ఆగమన కాలంలో ఉపవాసం ఉండాలా? సెమీ క్రిస్మస్ జరుపుకోవచ్చా?

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు ఈ నాలుగు వారాలలో ఉపవాసం ఉండాలా అని, డిసెంబరు మొదలైందో లేదో పండుగకు ముందే చేసే సెమీ క్రిస్మస్ వేడుకలు జరుపుకోవడం తగునా అని మీరు అడిగారు. గుంటూరు జిల్లాలోని ఒక కతోలిక విచారణలో (పారిష్‌లో) పెరిగి, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్న నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

రోమను కతోలికులకు ఆగమన కాలం కోసం ప్రత్యేకంగా విధించిన ఉపవాసం లేదు. మా పొరుగున ఉన్న మలయాళీ సీరో మలబారు (కేరళలోని మరో కతోలిక సంప్రదాయం) కుటుంబం మాత్రం డిసెంబరు 1 నుంచి క్రిస్మస్ వరకు మాంసం ముట్టదు. అది వారి సంప్రదాయం. మనకు ఈ కాలం నవంబరు 30కి అతి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలవుతుంది, ఆరాధనా సంవత్సరానికి కూడా అదే మొదటి రోజు. పూజ చేసే గురువులు (ఫాదర్లు) ఊదా రంగు వస్త్రాలు ధరిస్తారు, ఆదివారం పూజలో మహిమ గీతం పాడరు. అయితే ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో వినిపించని అల్లెలూయ ఇప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

అసలు సిద్ధపాటు దేనికన్నది ఆదివారపు పఠనాలలోనే ఉంది. మొదటి ఆదివారం సువార్తలో పశువుల తొట్టి గాని, గొల్లలు గాని కనిపించరు. మత్తయి 24, మార్కు 13, లూకా 21 అధ్యాయాల నుంచి ఏడాదికొకటి చొప్పున, ప్రభువు రెండవ రాకడకు మెలకువగా ఉండమని హెచ్చరించే భాగాలను చదువుతారు. వీధిలో నక్షత్రాలు కడుతుంటే గుడిలో లోకాంతం గురించి చదువుతారేమిటని చిన్నతనంలో నాకు వింతగా ఉండేది. రెండు, మూడు ఆదివారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి. 2024లో మూడవ ఆదివారం చదివిన లూకా 3వ అధ్యాయంలో, మేమేమి చేయాలని జనులు అడిగితే ఆయన ఉపవాసం ఊసే ఎత్తలేదు: రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి, సుంకరులు (పన్ను వసూలుదారులు) నిర్ణయించిన దానికంటె ఎక్కువ వసూలు చేయరాదు, సైనికులు తమ జీతంతో తృప్తి పడాలి అన్నాడు.

మా అమ్మ ఈ మాటను అక్షరాలా పాటించేది. పత్తి తీసిన కూలీల బాకీ, పాల ఖాతా, కొట్టు పద్దు తీరేదాకా పండుగ బట్టల మాట ఎత్తనిచ్చేది కాదు. గట్టు తగాదాతో మాటలు మానేసిన మా పెదనాన్న గారింటికి నాన్నను పంపింది కూడా ఈ రోజుల్లోనే. ఆ తరువాతే అందరం గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళేవాళ్ళం. ఆగమన కాలపు సిద్ధపాటు గురించి నేను విన్న ప్రసంగాలు చాలానే ఉన్నా, ఇంత సూటిగా చెప్పినది ఒక్కటీ లేదు.

సెమీ క్రిస్మస్ తప్పని నేను అనను. ఆఫీసులలో, కళాశాలలలో అన్యమతస్థులైన మిత్రులతో కలిసి జరుపుకోవడానికి అది మంచి సందర్భం. అయితే విచారణలోనే తొలి వారం నుంచి కేకులు, కార్యక్రమాలు మొదలైతే ఆత్మపరిశీలనకు చోటుండదు. వీలైతే దానిని డిసెంబరు 17 తరువాతకు జరపండి, ఎందుకంటే ఆరాధన కూడా ఆ రోజు నుంచే నేరుగా జననోత్సవం వైపు తిరుగుతుంది. పైగా క్రిస్మస్ కాలం 25తో ముగియదు, జనవరిలో ప్రభువు బాప్తిస్మ పండుగ వరకు సాగుతుంది. 26 ఉదయానికే నక్షత్రం దించేసే మనం ఆ రోజులను వాడుకోవడం లేదు. పిల్లల నాటికలకు, పాటలకు అవి చాలినన్ని ఉన్నాయి.