గాలికి ఆరని లాంతరు

ప్రశ్న: ఈదురుగాలిలోనూ హరికేన్ లాంతరు ఆరిపోకపోవడానికి గాజు చిమ్నీ ఒక్కటే కారణమా? నేడు దానితో ఉపయోగం ఉందా?

జవాబు: చిమ్నీ ఒక్కటే చాలదు, ఇరువైపులా ఉండే గొట్టాలే అసలు కీలకం. అమెరికాకు చెందిన జాన్ ఇర్విన్ 1860ల చివర రూపొందించిన పద్ధతిలో, మంట నుంచి పైకి లేచిన వేడిగాలి కొంత తాజా గాలితో కలిసి ఆ గొట్టాల గుండా తిరిగి వత్తి వద్దకు చేరుతుంది. 1870లలో ఆయనే తెచ్చిన రకంలో తాజా గాలి మాత్రమే దిగుతుంది కనుక వెలుగు మరింత తెల్లగా ఉంటుంది. గాలి వచ్చే దారీ, పొగ పోయే దారీ రెండూ పైభాగంలోనే ఉండటం వల్ల, బయటి గాలి ఒత్తిడి రెండింటిపైనా ఇంచుమించు సమానంగా పడి మంట చలించదు. ఇంత సరళమైన ఏర్పాటు నిజంగా మెచ్చుకోదగినది. తుపానుకు కరెంటు పోయే మన తీరప్రాంతపు ఇళ్లలో అది ఇప్పటికీ అక్కరకొస్తుంది. అయితే అందులో పెట్రోలు ఎన్నడూ పోయరాదు, తలుపులు మూసిన గదిలో వెలిగించి నిద్రపోరాదు.